బాగుపడకుండా తిరిగి వచ్చిన యాత్రికుల కోసం: నెల్లూరు మేత్రాసన పెద్దలకు ఒక బహిరంగ లేఖ

పూజ్యులైన నెల్లూరు మేత్రాసన (డయోసిస్) పీఠాధిపతులకు, విచారణ (పారిష్) గురువులకు, మఠకన్యలకు, ఏటా వేళాంగణికీ గుణదలకూ బస్సులు మాట్లాడి మమ్మల్ని తీసుకువెళ్లే యాత్రా సంఘాల పెద్దలకు నమస్కరించి రాస్తున్న లేఖ.

నేను సింగరాయకొండ దగ్గర ఒక పల్లెలో పుట్టి, ఒంగోలులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న ఉపాధ్యాయురాలిని. సంక్రాంతి సెలవుల్లో, రెండు మూత్రపిండాలూ పాడైన నా చిన్ననాటి స్నేహితురాలికి తోడుగా తమిళనాడులోని వేళాంగణి ఆరోగ్యమాత (మరియమాత) దగ్గరకు వెళ్లివచ్చాను. ఆమెకు జబ్బు నయం కాలేదు. అందుకు నాకు దేవుని మీద గానీ, మాత మీద గానీ ఎలాంటి ఫిర్యాదూ లేదు. కానీ యాత్ర నుంచి తిరిగి వచ్చాక ఆమె ఆదివారం పూజకు రావడం మానుకున్నది. జబ్బు ముదిరినప్పుడు కూడా, ఊపిరి ఆడక మధ్యలో రెండుసార్లు ఆగి కూర్చుంటూ గుడికి నడిచివచ్చిన మనిషి, యాత్ర చేసి వచ్చాక మానుకున్నది. దానికి కారణం మనం యాత్రలు నడుపుతున్న తీరులో ఉన్నదనీ, దాన్ని సరిచేయడం మీ చేతుల్లో ఉన్నదనీ నమ్మి ఈ లేఖ రాస్తున్నాను.

నన్ను యాత్రలు వద్దనే మనిషిగా దయచేసి అనుకోవద్దు. మా అమ్మ నన్ను చంకన వేసుకుని గుణదల కొండ ఎక్కింది. 1924లో ఫాదర్ అర్లాటిగారు అక్కడ లూర్దుమాత స్వరూపాన్ని నిలిపిన నాటి నుంచి కృష్ణా, గుంటూరు, నెల్లూరు సీమల పేదవాళ్లు ఆ కొండ మెట్ల మీద చెప్పుకోని కష్టం లేదు. వేళాంగణి దేవాలయాన్ని పోపు ఇరవై మూడవ జాన్ 1962లో బసిలికాగా, అంటే ప్రత్యేక గౌరవం గల దేవాలయంగా, ప్రకటించారు గానీ, మన పొగాకు కూలీలూ బెస్తవాళ్లూ ఆ ప్రకటనకు ముందు నుంచే అక్కడికి దారి తెలిసినవాళ్లు. మన ప్రాంతంలో జబ్బుపడిన పేదవాడికి ఆసుపత్రిలో దొరకని ఒక మర్యాద యాత్రలో దొరుకుతుంది. ఆసుపత్రిలో అతను ఒక టోకెన్ నంబరు, మాత దగ్గర ఒక పేరున్న బిడ్డ. ఆ మర్యాద విలువ తెలుసు కనుకనే, అది చేజారుతున్న చోట్లను గురించి చెప్పాలనుకుంటున్నాను.

నా స్నేహితురాలికి వారానికి మూడు పూటలు డయాలసిస్ జరగాలి. ఒక్కో పూట సుమారు నాలుగు గంటలు. ఆమె ఎడమ ముంజేతిలో సిరనూ ధమనినీ కలిపి ఫిస్టులా వేశారు. దాని మీద వేళ్లు ఆనించి చూస్తే చర్మం కింద రక్తం జివ్వుజివ్వుమని పారడం తెలుస్తుంది. ఆ చేతికి బరువు తగలకూడదు, బీపీ పట్టీ చుట్టకూడదు, ఎవరూ పట్టుకుని లాగకూడదు. అది మూసుకుపోతే మళ్లీ ఆపరేషన్, మళ్లీ నెలల తరబడి ఎదురుచూపు. తాగే నీళ్లకు కొలత ఉంటుంది. పండ్లలో, కొబ్బరినీళ్లలో ఉండే పొటాషియం మూత్రపిండాలు బాగున్నవాళ్లకు బలం. ఆమె ఒంట్లో అది పేరుకుపోతే గుండె ఆగిపోవచ్చు. ఇవన్నీ ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, యాత్ర బస్సు ఎక్కే రోగి గురించి సంఘం పెద్దలకు ఇందులో ఒక్క ముక్కా తెలియదు. అడిగే పద్ధతి లేదు. పేరు, ఫోన్ నంబరు, డబ్బు కట్టిన రసీదు, అంతే.

అది పొగాకు ఆరబెట్టే బ్యారన్ మండే కాలం కావడంతో ఆమె భర్త ఇల్లు కదలలేకపోయాడు. అందుకని నేను వెళ్లాను. మధ్యలో పడే డయాలసిస్ కోసం వేళాంగణికి దగ్గరి నాగపట్నంలోని ఒక ఆసుపత్రితో ముందే ఫోన్‌లో మాట్లాడి, ఇక్కడి డాక్టరుగారి చీటీ, రక్తపరీక్షల కాగితాలు ఫైలులో పెట్టుకుని బయలుదేరాం.

ఒంగోలు నుంచి వేళాంగణికి 600 కిలోమీటర్ల పైమాటే. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట దాటి, చెన్నై మీదుగా పుదుచ్చేరి, కడలూరు, చిదంబరం, కారైకాల్ గుండా సాగే ఆ దారిలో తోటి యాత్రికులు మా పట్ల చూపిన ప్రేమ మరవలేనిది. ఆమె కాళ్లు వాచాయని ముందు సీటు ఖాళీ చేసి ఇచ్చారు. వేపిన వేరుశనగలు, అరటిపండ్లు, ఇంటి నుంచి తెచ్చిన మాగాయ అన్నం ఆమె ఒళ్లో పెట్టారు. దారి పక్కన బస్సు ఆగిన చోటల్లా ఎవరో ఒకరు కొబ్బరిబోండాం కొట్టించి తెచ్చి, "రోగం మనిషివి, నీరసం తగ్గుతుంది, తాగమ్మా" అనేవారు. వద్దని ప్రతిసారీ నేనే అడ్డుపడవలసి వచ్చింది. ఆమె తన కొలత నీళ్లను ఒక చిన్న సీసాలో పోసుకుని, దాని మూతతో కొలుచుకుని, నోరు తడుపుకునేటంత మాత్రమే తాగేది. అది చూసి ఒక పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుని, నేను ఆమెను నీళ్లకు మాడుస్తున్నానని నామీద కోపగించుకున్నది. ఆ పెద్దావిడను నేను తప్పుపట్టను. బస్సు కదిలే ముందు ఎవరైనా ఒక సిస్టర్‌గారు మైకు అందుకుని, ఈ బస్సులో ఉన్న రోగులకు ఏమి పెట్టవచ్చో, ఏమి పెట్టకూడదో నాలుగు మాటలు చెప్పి ఉంటే, ఆ ప్రేమంతా సరైన దారిలో నడిచేది.

ఇంతకంటే బరువైన సంగతి ఇంకొకటి ఉంది. రాత్రి జపమాల అయిన తరువాత, సంఘంలో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి మైకు తీసుకుని సాక్ష్యాలు చెప్పడం మొదలుపెట్టారు. ఎవరో ఒకరు మాత్రలన్నీ సముద్రంలో పారవేసి మొక్కుకుంటే అదే రోజు షుగరు పోయిందని చెప్పారు. సంచిలో మందులు పెట్టుకుని మాత దగ్గరకు వెళ్లేవాడు సగం నమ్మకంతో వెళుతున్నట్టేనని అన్నారు. బస్సులో చాలామంది "ఆవే మరియ" అన్నారు. నా స్నేహితురాలు కాసేపు మాట్లాడలేదు. తరువాత నా చెవి దగ్గరకు వంగి, నాగపట్నం ఆసుపత్రికి వెళ్లకుండా ఉంటే ఏమవుతుందని అడిగింది.

ఏమవుతుందో డాక్టర్లకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది, మనిషి ఏ రాత్రివేళో చేతుల్లోనుంచి జారిపోతుంది. అది తెలిసీ ఆ ప్రశ్న వేసిందంటే, ఆ మైకులో వినిపించిన మాటకు ఎంత బలం ఉన్నదో మీరు ఊహించాలి. నేను అప్పుడు ఆమెకు చెప్పినదాన్నే ఇక్కడ మీ ముందు మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే అది నా సొంత అభిప్రాయం కాదు, మన శ్రీసభ (కతోలిక సంఘం) చెప్పినది. బైబిలులోని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం వైద్యుని గౌరవించమంటుంది, అతన్ని కూడా ప్రభువే సృష్టించాడంటుంది, భూమిలో నుంచి మందులను పుట్టించినది ప్రభువేననీ, వివేకం ఉన్నవాడు వాటిని తోసివేయడనీ చెబుతుంది. జబ్బుపడితే ప్రార్థించు, ఆపైన వైద్యునికి చోటివ్వు అని రెండింటినీ ఒకే వరుసలో పెడుతుంది. 2000 సెప్టెంబరు 14న రోములోని విశ్వాస సిద్ధాంత విభాగం, అప్పటి కార్డినల్ రాట్జింగర్‌గారి సంతకంతో, స్వస్థత ప్రార్థనల గురించి ఒక సూచనపత్రం వెలువరించింది. ప్రార్థన చేయడం వైద్యాన్ని పక్కన పెట్టదనీ, పైగా ఆరోగ్యాన్ని కాపాడే సహజ మార్గాలను వాడుకోమని ప్రోత్సహిస్తుందనీ అందులో స్పష్టంగా ఉంది. స్వస్థత ప్రార్థనలలో ఉద్రేకానికీ, నాటకీయతకూ, సంచలనానికీ తావివ్వవద్దని, ముఖ్యంగా వాటిని నడిపించేవారు ఆ జాగ్రత్త తీసుకోవాలని ఉంది. ఎవరికైనా స్వస్థత కలిగినట్టు కనిపిస్తే సాక్ష్యాలను నిదానంగా, ఖచ్చితంగా సేకరించి తగిన అధికారులకు సమర్పించాలని కూడా ఉంది. మరి మన బస్సులలో మైకు ఎవరి చేతికి వెళుతున్నదో, వారు ఏమి చెబుతున్నారో ఎవరు చూస్తున్నారు?

ఫ్రాన్స్‌లోని లూర్దు నగరాన్ని చూడండి. 1858లో మరియమాత పునీత బెర్నదెతకు 18 పర్యాయాలు దర్శనమిచ్చిన ఆ గుహ దగ్గర, 1883 నుంచి వైద్యులతో ఒక పరిశీలన కార్యాలయం పనిచేస్తున్నది. స్వస్థత పొందామని చెప్పినవారి వివరాలు అక్కడ 7,000కు పైగా నమోదయ్యాయి. వాటిలో శ్రీసభ అద్భుతాలుగా ప్రకటించినవి డెబ్బయి పైచిలుకు మాత్రమే. ఒక్కో దాని వెనక ఏళ్ల తరబడి పరీక్ష ఉంది. స్వస్థతల కోసం ప్రపంచమంతా చేరుకునే చోటే అంత జాగ్రత్త పాటిస్తుంటే, ఒక అద్దె బస్సులో, రాత్రిపూట, ఎవరూ విచారించని కథ చెప్పి రోగుల చేత మందులు మాన్పించే స్వేచ్ఛ మనకు ఎక్కడిది?

నాగపట్నంలో డయాలసిస్ జరిగింది. నేను ఈ లేఖలో దాచకుండా చెప్పవలసిన మంచి కూడా అక్కడే జరిగింది. పక్క మంచం మీద ఒక తమిళ స్త్రీ ఉన్నది. ఆమె తెలుగు ఎరగదు, మాకు తమిళం రాదు. నా స్నేహితురాలి చేతి మీది సూదిగుర్తులు చూసి, ఆమె తన చెయ్యి చాచి, తన ఫిస్టులా మీద ఈమె వేళ్లు ఆనించింది. తరువాత ఈమెది తాను ముట్టుకుని చూసింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ స్త్రీ తలగడ కింద జపమాల ఉంది. ఇంటి నుంచి డయాలసిస్‌కు వచ్చే ముందు మాత గుడికి వెళ్లి వస్తానని సైగలతోనే చెప్పింది. ఆ మధ్యాహ్నం వేళాంగణికి తిరిగి వెళ్లేటప్పుడు, తాను ఒక్కతే ఇలా అయిపోలేదన్న ధైర్యం నా స్నేహితురాలి మాటలో మొదటిసారి విన్నాను. బసిలికా దగ్గరి ఇసుక దారిలో మోకాళ్ల మీద నడిచేవారిని చూస్తూ ఒక పక్కన కూర్చుని, మొత్తం జపమాల చెప్పుకున్నది. క్యూలో ఒకాయన, తొందరగా నడవమని, సరిగ్గా ఆ ఎడమ చెయ్యే పట్టి లాగాడు. నేను అడ్డుపడి విడిపించాను. ఆమె మాత్రం స్వరూపం ముందు చాలాసేపు నిలబడి, కళ్లు తుడుచుకుని, ప్రశాంతంగానే బయటకు వచ్చింది.

అసలు కష్టం ఊరికి వచ్చాక మొదలయింది. మొదటి ఆదివారం గుడి ముందు దాదాపు ప్రతివారూ ఒకటే అడిగారు: "బాగయిందా?" ఆ అడగడంలో చెడు లేదు. అయితే రోజు మార్చి రోజు నాలుగు గంటలు యంత్రానికి కట్టుబడి ఉండే మనిషి, ఆ ప్రశ్నకు అందరి ముందూ ఎన్నిసార్లు కాలేదని చెప్పగలదు? పూజ చివర యాత్రలో మేలు పొందినవారిని ముందుకు రమ్మన్నారు. ఒకరికి మోకాలి నొప్పి తగ్గింది, ఒకరి కూతురికి సంబంధం కుదిరింది, చప్పట్లు కొట్టారు, వాళ్ల సంతోషం నిజమైనది. ఏమీ జరగనివారికి మాత్రం చెప్పడానికి చోటు లేదు. ఆ తరువాత ఒక పెద్దాయన, మంచి మనసుతోనే, ఆమెను పక్కకు పిలిచి, ఏదో పాపం అడ్డుపడుతున్నట్టుంది, ఒకసారి గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని మంచి పాపసంకీర్తనం చేయమ్మా అని సలహా ఇచ్చాడు. పుట్టుగుడ్డివాని విషయంలో ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగినప్పుడు, ఇతడు గానీ ఇతని తల్లిదండ్రులు గానీ చేయలేదని యేసుప్రభువు సూటిగా చెప్పిన మాట యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. అది మనం తపస్సుకాలంలో గుడిలో వింటున్నాం. అయినా ఆ పెద్దాయన నోటికి ఆ సలహాయే వచ్చింది.

మూడో ఆదివారం నుంచి ఆమె రాలేదు. నేను ఇంటికి వెళ్లి అడిగితే, "బాగుకాలేదని ఫాదరుగారి మొహం చూసి ఎట్లా చెప్పేది అక్కా? అందరూ నాకోసం అంత ప్రార్థన చేస్తిరే" అన్నది. తనకు నయం కాకపోవడం వల్ల తన విచారణకు, మాతకు కూడా చెడ్డపేరు తెచ్చానన్నట్టు మాట్లాడింది. ఈ మాట మీ చెవిన పడాలనే ఈ లేఖ.

లూర్దులో దర్శనం పొందిన బెర్నదెత స్వయంగా జీవితమంతా ఉబ్బసంతో బాధపడి, క్షయతో 1879లో నెవేర్ మఠంలో 35 ఏళ్లకే కన్నుమూసింది. 1933లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. ఆమెకు నమ్మకం చాలలేదని ఎవరైనా అనగలరా? తన శరీరంలోని ముల్లు తీసివేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. రోగులను బాగుచేసిన ఆ పౌలే తన తోటివాడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. ఇవన్నీ గురువులకు నాకంటే బాగా తెలుసు. మా విచారణలలో ప్రసంగపీఠం మీద నుంచి వినపడేవి మాత్రం బాగుపడినవారి కథలే. నాలాంటి మామూలు విశ్వాసులం రోజూ చూసేది బాగుపడనివారిని. వారి గురించి కూడా సువార్తలో మాట ఉన్నదని మాకు చెప్పండి.

కఫర్నాములో పక్షవాత రోగిని నలుగురు మోసుకువచ్చి, ఇంటి కప్పు విప్పి దించిన సంగతి మార్కు సువార్తలో ఉంది. వారి విశ్వాసాన్ని చూసి ప్రభువు మాట్లాడాడని అక్కడ రాసి ఉంది. మోసిన వారి విశ్వాసం కూడా లెక్కలోకి వచ్చింది. బెతెస్దా కోనేటి గట్టున 38 ఏళ్లు పడి ఉన్న మనిషి, తనను నీళ్లలోకి దించడానికి ఎవరూ లేరని ప్రభువుతో మొరపెట్టుకున్నాడు. యాత్రలో రోగి పక్కన నిలబడే మనిషి పని ఎంత పెద్దదో ఈ రెండు చోట్లా కనిపిస్తుంది. లూర్దులో ఆ పని కోసం 1885 నుంచి ఒక సేవాసంఘం ఉంది. వారు రోగులను బండ్లలో కూర్చోబెట్టుకుని, ఊరేగింపులో అందరికంటే ముందు వరుసకు తీసుకువెళతారు. మన దగ్గర ఆ పని బంధువుల మీద, లేదా నాలాంటి ఒక స్నేహితురాలి మీద పడుతున్నది. బంధువులూ స్నేహితులూ లేని రోగి అసలు బస్సే ఎక్కలేడు.

కనుక మిమ్మల్ని కోరేది ఇది. యాత్రకు పేరు ఇచ్చే ప్రతి రోగి దగ్గరా, ఏ జబ్బు, ఏ మందులు, ఏమి తినకూడదు, ఏ ఆసుపత్రి, ఎవరికి ఫోన్ చేయాలి అన్న వివరాలు ఒక కాగితం మీద రాయించుకోండి. మఠకన్యలు నడిపే ఆసుపత్రులు, డిస్పెన్సరీలు మనకు ఉన్నాయి. ప్రతి బస్సుకూ ఒక నర్సు సిస్టర్‌ను గానీ, శిక్షణ పొందిన ఒక యువతీ యువకుల జంటను గానీ పంపడం మన శక్తికి మించినది కాదు. నెల్లూరులో రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు గట్టున వైద్య శిబిరాలు పెడుతున్నారు. అలాంటి జాగ్రత్త మన యాత్రలలోనూ ఉండాలి. మందులు మానమని, డయాలసిస్ ఆపమని, ఇన్సులిన్ వద్దని మైకులో గానీ విడిగా గానీ చెప్పేవారికి యాత్ర నడిపే బాధ్యత ఇవ్వబోమని పీఠాధిపతులవారు రాతపూర్వకంగా ప్రకటించి, ఆ ప్రకటనను ప్రతి విచారణలోనూ చదివించాలని వేడుకుంటున్నాను. అన్నింటిలోకీ దీనికే నేను ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను, ఎందుకంటే మిగిలినవి ఆలస్యమైతే ఇబ్బంది, ఇది ఆలస్యమైతే ప్రాణం.

బయలుదేరే ముందే రోగులకు అభ్యంగనం, అంటే నూనె పూసి ప్రార్థించే సంస్కారం, ఇవ్వండి. ఈ సంస్కారం చావు అంచున ఉన్నవారికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది, 1972లో పోపు ఆరవ పాల్ దాని క్రమాన్ని సవరించారు. అయినా మన పల్లెల్లో ఆ పేరెత్తితేనే ఇంటిల్లిపాదీ ఏడుపు అందుకుంటారు. నా స్నేహితురాలి తల్లి, ఫాదరుగారిని పిలుద్దామని నేను అన్నందుకే నన్ను గడప దాటమన్నంత పని చేసింది. యాకోబు లేఖలో రోగి పెద్దలను పిలిపించుకోవాలనీ, వారు నూనె పూసి ప్రార్థించాలనీ ఉన్నదని ప్రసంగాలలో పదే పదే చెబితే గానీ ఈ భయం పోదు.

తిరిగి వచ్చాక సాక్ష్యం చెప్పమని ఎవరినీ నిలబెట్టకండి. దానికి బదులు యాత్రలో పాల్గొన్న ప్రతి రోగి ఇంటికీ నెలలోపు విచారణ గురువులు గానీ, ఉపదేశిగారు గానీ, మరియసేన సభ్యులు గానీ వెళ్లి కూర్చుని రావాలి. బాగయిందా అని అడగడానికి వెళ్లవద్దు. ఎట్లా ఉన్నావు, డయాలసిస్‌కు ఎవరు తోడు వస్తున్నారు, బస్సు ఛార్జీలకు ఇబ్బందిగా ఉన్నదా, ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారు, దివ్యసత్ప్రసాదం ఇంటికి తెమ్మంటావా అని అడగడానికి వెళ్లండి.

ఇంకొక్క మాట. పోపు రెండవ జాన్ పాల్ 1992లో నెలకొల్పిన ప్రపంచ రోగుల దినం ఏటా ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగ నాడు వస్తుంది. అదే రోజు మూడు రోజుల గుణదల ఉత్సవం ముగింపు. మన గురువులలో చాలామంది, నడవగలిగిన విశ్వాసులంతా ఆ మూడు రోజులూ గుణదలలో ఉంటారు. మంచం పట్టినవారు, యంత్రానికి కట్టుబడినవారు మాత్రం తమ పేరు మీద వచ్చిన రోజునే ఊళ్లో ఒంటరిగా మిగిలిపోతున్నారు. 1928లో ఏర్పడిన మన మేత్రాసనానికి 2028లో నూరేళ్లు నిండుతాయి. ఆ సందర్భానికి ఎదురుచూడకుండా, రాబోయే ఫిబ్రవరి 11కు దగ్గరి ఆదివారం నాడు ప్రతి విచారణలోనూ రోగుల కోసం ప్రత్యేకంగా దివ్యబలిపూజ జరిపి, రాలేనివారిని ఆటోలు పంపి పిలిపించి, అభ్యంగనం ఇచ్చే ఏర్పాటు చేయండి. మా విచారణలో ఆటోల పని, రోగుల పేర్ల జాబితా పని నేను చూసుకుంటాను. ఆ జాబితాలో మొదటి పేరు ఎవరిదో మా ఫాదరుగారికి నేనే స్వయంగా వచ్చి చెబుతాను. ఆమె ఇంటికి నాతో కలిసి వారు వస్తే చాలు.

వినయపూర్వకంగా,
ఒంగోలు నుంచి ఒక విచారణ సభ్యురాలు